ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలకి వేసవి క్లాసులు: తిరుపతిలో ఎవరికి ఏది పనికొస్తుంది?

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే తిరుపతిలో పేపర్ మడత విప్పగానే నాలుగు పాంప్లెట్లు జారిపడతాయి. ఒకదాని మీద రోబో బొమ్మ, ఒకదాని మీద అబాకస్ పూసలు, ఇంకోదాని మీద ‘ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్’. నాలుగోది చేతిరాత. అన్నిట్లోనూ ‘సీట్లు పరిమితం’ అన్న మాట మాత్రం ఖాయం. నేను లెక్కలు చెప్పే మనిషిని. ఈ కాగితాలు పట్టుకొచ్చి ‘సార్, మావాడిని దేంట్లో చేర్పించమంటారు?’ అని అడిగేవాళ్లు ప్రతి వేసవిలో ఉంటారు. వాళ్లకి విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నా. చిత్తూరు వాళ్లకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

చేతిలో ఉన్నది నాలుగు వారాలే

మన రాష్ట్రంలో బడులు మామూలుగా ఏప్రిల్ 23 దాకా నడిచి, జూన్ 12న మళ్లీ తెరుచుకుంటాయి. ఏడు వారాలు అనగానే బోలెడు టైముందనిపిస్తుంది. అందులో మొదటి వారం పిల్లలు దేనికీ లొంగరు, లొంగక్కర్లేదు కూడా. అమ్మమ్మగారి ఊరు ఒక వారం. మే నెలలో గంగ జాతర. తాతయ్యగుంట గంగమ్మకి చాటింపు పడిందంటే బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం అంటూ వీధి నిండా పిల్లలే. ఆ వారం క్లాసు పెట్టినా సగం బెంచీలు ఖాళీ. చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర కూడా మేలోనే. జూన్ మొదటి వారమంతా యూనిఫాం, పుస్తకాలు, బూట్ల గొడవ. ఇవన్నీ తీసేస్తే నికరంగా మిగిలేది మూడు, మహా అయితే నాలుగు వారాలు. కాబట్టి ‘నలభై రోజుల కోర్సు’ అని ఎవరైనా అంటే, అందులో మీ పిల్లవాడు నిజంగా వెళ్లేది ఎన్ని రోజులో ముందే లెక్కేసుకోండి. జాతర వారం సెలవిచ్చే చోటు మన ఊరి సంగతి తెలిసినవాళ్లు నడిపే చోటని నాకో నమ్మకం.

ఇంక ఎండ. మేలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉదయం ఏడు నుంచి పది లోపల ముగిసే క్లాసు, ఇంటికి దగ్గర్లో ఉన్నది చూసుకోండి. మధ్యాహ్నం రెండింటికి బ్యాచ్ పెట్టే చోటు ఎంత గొప్పదైనా నేను వద్దంటాను. క్లాసులో ఏసీ ఉందంటారు. వచ్చిపోయే దారికి లేదు కదా. పైగా వేసవి సెలవుల్లో కొండకి వచ్చే జనంతో బస్టాండు నుంచి అలిపిరి దాకా రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

పిల్లవాడికి ఏం కావాలో ముందు ఇంట్లోనే చూడండి

చాలామంది చేసే పని, క్లాసు ఎంచుకున్నాక పిల్లవాడిని అందులో ఇరికించడం. దానికి ముందు ఒక అరగంట కేటాయించండి. ఒక కాగితం మీద 1/2 + 1/3 ఎంతో చేయమనండి. ఏడో తరగతి పూర్తిచేసిన పిల్లల్లో కూడా పైన పైన, కింద కింద కూడి 2/5 అని రాసేవాళ్లు ఉంటారు. అప్పుడు కోప్పడకుండా ఇంకో ప్రశ్న వేయండి: ‘సగం దోసె తిన్నావు, తర్వాత ఇంకో మూడో వంతు తిన్నావు. మొత్తం సగం కంటే తక్కువ తిన్నావా?’ 2/5 అంటే సగం కంటే తక్కువే. ఇది విని ఒక్క క్షణం ఆగి, ‘అరె, తప్పు’ అని తనే పట్టుకున్న పిల్లవాడికి పెద్ద లోటేం లేదు, పద్ధతి మరిచిపోయాడంతే. ‘అవును, తక్కువే’ అన్నవాడికి భిన్నమంటే ఏంటో అందలేదు. ఆ తేడా మార్కుల కార్డులో కనపడదు.

రెండోది చదవడం. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. సోషల్ పుస్తకం తీసి, తెలుగు పేజీని అట్టతో మూసి, ఇంగ్లీషు పేరా ఒకటి చదివించండి. తర్వాత పుస్తకం మూసి, చదివింది తెలుగులో చెప్పమనండి. ప్రైవేటు బడి పిల్లలకీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. గడగడా చదివి, ఏం చదివావంటే నోరెళ్లబెట్టే పిల్లలు ఇంగ్లీషు మీడియంలో తక్కువేం లేరు.

మూడోది పరీక్ష కాదు, గమనించడమే. ఏ పనిలో ఉన్నప్పుడు అన్నానికి పిలిచినా రాడు? పాత ఫ్యాను విప్పుతున్నాడా, బొమ్మలు గీస్తున్నాడా, చదరంగమా? ఫోన్ అనకండి, అది అందరికీ ఉన్నదే.

ఈ మూడూ చూశాక పిల్లలు మూడు రకాలుగా తేలతారు. పునాదిలో గుంట ఉన్నవాళ్లు, చదువు సాఫీగా సాగుతున్నా దేని మీదా ప్రత్యేకంగా ఆసక్తి లేనివాళ్లు, ఏదో ఒకదాని మీద దురద ఉన్నవాళ్లు. ఒకే పాంప్లెట్ ముగ్గురికీ పనికిరాదు.

ఫౌండేషన్ కోర్సా, మామూలు ట్యూషనా?

నా అభిప్రాయం సూటిగా చెబుతా. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి వేసవిలో ఐఐటీ ఫౌండేషన్ అక్కర్లేదు. ఆ కోర్సుల్లో ఎక్కువచోట్ల జరిగేది వచ్చే ఏడు పాఠాల్ని ఇప్పుడే పరుగెత్తించడం. భిన్నాలు అందని పిల్లవాడికి అకరణీయ సంఖ్యలు (రేషనల్ నంబర్లు) చెబితే వాడు వాటిని కూడా బట్టీ పట్టేస్తాడు. భిన్నాలు బాగా వచ్చిన పిల్లవాడేమో జూన్‌లో బడికి వెళ్లి అదే పాఠం మళ్లీ వింటూ విసుక్కుంటాడు. ఇద్దరికీ లాభం లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 16 ఏళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదని, పదో తరగతి పరీక్షలు అయ్యాకే చేర్చుకోవాలని అందులో ఉంది. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు పది రోజుల్లో తిరిగివ్వాలని కూడా ఉంది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. మన ఊళ్లో బోర్డులు చూస్తే ఆ కాగితం ఎవరూ చదివినట్లు కనపడదు. అయినా ఫీజు కౌంటర్ దగ్గర ఆ మాట ఎత్తండి. మాట్లాడే తీరు కొంచెం మారుతుంది.

పునాదిలో గుంట ఉన్న పిల్లవాడికి కావాల్సింది ఐదారుగురు పిల్లల చిన్న ట్యూషన్. మీ వీధిలోనే రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచర్ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లని అడగండి. నాలుగు వారాల్లో భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, శాతాలు, రోజుకి రెండు పేజీల చదువు. ఇంతే అడగండి, ఇంకేం వద్దు. పాంప్లెట్ లేని ఈ ట్యూషనే చాలామందికి ఆ వేసవిలో దొరికే అన్నిటికంటే మంచి క్లాసు.

ఎనిమిదిలోకి వెళ్లే పిల్లవాడు ప్రభుత్వ బడిలోనో ఎయిడెడ్ బడిలోనో చదువుతూ ఉంటే లెక్క వేరు. ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. అందులో సగం పేపరు ఆలోచనా శక్తికి సంబంధించిన ప్రశ్నలు: శ్రేణులు, కోడింగ్ (కంప్యూటర్‌ది కాదు, అక్షరాలకి బదులు వేరే గుర్తులు పెట్టే రకం), బొమ్మల పోలికలు. ఇవి బడిలో పాఠంగా చెప్పరు కాబట్టి, వేసవిలో రోజుకి ముప్పావుగంట పాత పేపర్లు చేయించే చోటు ఉంటే ఆ డబ్బు దండగ కాదు.

రోబోటిక్స్, కోడింగ్: ఎవరి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది?

వీటి మీదే ఇప్పుడు మోజంతా. మంచివి లేవని కాదు. కానీ డెమో క్లాసుకి వెళ్లినప్పుడు టీచర్ని చూడకండి, పిల్లల చేతులు చూడండి. నేను చూసిన ఒక డెమో చెబుతా, ఎక్కడని అడగొద్దు. గదిలో ఇరవై మంది దాకా పిల్లలు, బల్లల మీద నాలుగో ఐదో కిట్లు. ఒక్కో బల్ల దగ్గర కొంచెం చొరవున్న పిల్లవాడు బోర్డు పట్టుకున్నాడు, పక్కవాడు వైర్లు అందించాడు. మిగతా ముగ్గురు మోచేతులు బల్ల మీద ఆనించుకుని చూస్తూ ఉన్నారు. వెనక వరసలో ఒక పాప వైరు చివర పీలికలు తిప్పుకుంటూ కూర్చుంది. చివర్లో బండి కదిలింది, అందరూ చప్పట్లు కొట్టారు, సార్ వీడియో తీసుకున్నారు. ఆ వీడియో చూసిన తల్లిదండ్రులకి తమ పిల్లే చేసిందనిపిస్తుంది.

ఫీజుని ఇలా లెక్కేయండి. ఇరవై రోజులు, రోజుకి గంటన్నర, ఫీజు 4,500 అనుకుందాం. మొత్తం 30 గంటలు, గంటకి 150. పర్వాలేదనిపిస్తుంది. కానీ ఒక కిట్‌కి నలుగురు పిల్లలుంటే మీ పిల్ల చేతికి అది వచ్చేది ఏడున్నర గంటలే. అప్పుడు గంటకి 600. ఇద్దరికి ఒక కిట్ ఉన్న చోట 6,000 అడిగినా అదే చవక, గంటకి 400 పడుతుంది. కిట్ ఇంటికి ఇస్తారా, అక్కడే పెట్టేసుకుంటారా అన్నది కూడా అడగాలి.

కోడింగ్‌కి మాత్రం ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ముందే డబ్బు పెట్టకండి. స్క్రాచ్ ఉచితం. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేసింది. ఇంగ్లీషులో కష్టపడి టైపు చేసే పనిలేకుండా రంగురంగుల దిమ్మెలు ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది. పదిహేను రోజులు ఇంట్లో ఉన్న కంప్యూటర్లో ఆడుకోనివ్వండి. తర్వాత కూడా ‘దీన్ని ఇలా ఎలా చేయాలి?’ అని మీ వెంటపడితే అప్పుడు క్లాసు వెతకండి. మూడు రోజులకే మూసేస్తే డబ్బు మిగిలినట్లే.

ఇంకోటి, మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇచ్చి పెట్టించినవి అవి. త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, బోర్డులు అన్నీ ఉంటాయి. కొన్ని చోట్ల బీరువాల్లో భద్రంగా కూడా ఉంటాయి! హెడ్మాస్టర్‌ని కలిసి, నలుగురు తల్లిదండ్రులం వంతులవారీగా కూర్చుంటాం, ఉదయం రెండు గంటలు తెరవండి అని అడగడంలో తప్పేం లేదు.

డబ్బు పెద్దగా ఖర్చుకానివి

అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. జాతీయ సైన్సు మ్యూజియంల మండలి కింద 1993 నుంచి నడుస్తోంది. తారామండలం చూసి వచ్చేస్తారు చాలామంది. కానీ ఈ మండలి కింద ఉన్న కేంద్రాల్లో పిల్లలకి వేసవి హాబీ క్యాంపులు పెట్టే అలవాటుంది. ఇక్కడ ఈ ఏడు ఏం పెడుతున్నారో, ఏ తరగతికో ఏప్రిల్ మొదట్లోనే వెళ్లి కనుక్కోండి, ఫోన్‌లో సరిగా తేలదు. క్యాంపు దొరక్కపోయినా పర్వాలేదు. ఒకేరోజు అంతా తిప్పేయకుండా, వారానికోసారి ఉదయం పూట తీసుకెళ్లి రెండంటే రెండు ప్రదర్శనల దగ్గర అరగంట చొప్పున నిలబెట్టండి. ‘ఇది ఎందుకిలా అవుతోంది?’ అన్న ప్రశ్నకి జవాబు నోట్‌బుక్‌లో బొమ్మతో రాయించండి.

గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఉంటాయి, తిరుపతిలోనూ చిత్తూరులోనూ. ఉచితం. పుస్తకాలు చదివించడం, కథలు చెప్పించడం, బొమ్మలు, క్విజ్. ఏ గ్రంథాలయంలో ఎలా నడుస్తుందన్నది అక్కడి లైబ్రేరియన్‌ని బట్టి ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల ఫొటో కోసం మొదటిరోజు హడావుడి, తర్వాత పిల్లలు తమంతట తాము కూర్చోవడం. అయినా సాఫీగా చదువుతున్న, ఏ ప్రత్యేక ఆసక్తీ తేలని పిల్లలకి నా మొదటి ఓటు దీనికే. నలభై పుస్తకాల మధ్య కూర్చున్న పిల్లకి ఏదో ఒకటి నచ్చుతుంది, ఆ నచ్చినదేంటో మనకి తెలుస్తుంది. ఉదయం లైబ్రరీ, సాయంత్రం క్రీడా సంస్థ పెట్టే వేసవి శిక్షణా శిబిరంలో ఏదో ఒక ఆట. అంతకు మించిన టైంటేబుల్ నాకు తెలియదు.

కుప్పం వైపు వాళ్లకి ఇంకో అదృష్టం ఉంది. గుడివంక దగ్గర అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్, 172 ఎకరాల్లో. 1999లో మొదలైన సంస్థ. చేత్తో చేసి చూసే సైన్సు అంటే ఏంటో అక్కడ కనపడుతుంది. ఒక్కొక్కరుగా వెళ్లడం కంటే బడి తరఫున, టీచర్ల ద్వారా అడగడం మేలు.

అబాకస్, వేదిక్ మ్యాథ్స్, చేతిరాత, స్పోకెన్ ఇంగ్లీష్

త్వరగా చెప్పేస్తా. అబాకస్ మొదలుపెట్టే వయసు ఆరో తరగతికి దాటిపోయింది. వేదిక్ మ్యాథ్స్ కిటుకులు సరదాకి బాగుంటాయి, వారం చాలు. చేతిరాత నిజంగా అర్థంకాని పిల్లలకే. స్పోకెన్ ఇంగ్లీష్ మాత్రం టీచర్ ఎంతసేపు మాట్లాడుతున్నారో గడియారం పెట్టి చూడండి. గంటలో నలభై నిమిషాలు టీచరే మాట్లాడితే అక్కడ ఇంగ్లీషు వచ్చేది ఆయనకే.

ఆన్‌లైన్ క్లాసుల్లో ఖాన్ అకాడమీ ఉచితం, భిన్నాలకి చక్కగా ఉంటుంది. కానీ పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు కూర్చోవాలి. డబ్బు కట్టే ఆన్‌లైన్ కోర్సులు ఏడాదికో రెండేళ్లకో కలిపి అమ్ముతారు, ఈఎంఐ అంటారు. నాలుగు వారాల అవసరానికి రెండేళ్ల అప్పు ఎందుకు?

బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో రెసిడెన్షియల్ క్యాంపులకి ఆరో తరగతి పిల్లల్ని నేనైతే పంపను. ఎనిమిదో తరగతి అయినవాళ్లని పంపాలనుకుంటే ఇస్రో వాళ్ల యువికా గురించి తెలుసుకోండి. 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకి మేలో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచి చెబుతారు. ప్రయాణం, బస అన్నీ వాళ్లవే. ఇటీవలి నోటిఫికేషన్లలో ఎంపికకి ఎనిమిదో తరగతి మార్కులకి 50 శాతం, గ్రామీణ బడుల పిల్లలకి 15 శాతం వెయిటేజీ ఇచ్చారు. మిగతాది క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలు, స్కౌట్స్ లాంటివి. అంటే ఇప్పుడు ఏడు పూర్తిచేసిన పిల్లవాడు ఈ వేసవి నుంచే దాన్ని దృష్టిలో పెట్టుకోవచ్చు.

ఏ క్లాసులోనూ చేర్పించకపోతే?

అదీ ఒక మంచి ఎంపికే, కాకపోతే ఇంట్లో ఒకరికి తీరిక ఉండాలి. మన చుట్టూ ఉన్నది చూస్తే డబ్బు కట్టాలనిపించదు.

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతల్లో ఒకచోట కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా ఇసుకరాయి లాంటి గట్టి రాయి కనపడుతుంది. ఆ రెండింటి మధ్య గీతని భూగర్భ శాస్త్రంలో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. కింది రాయి ఏర్పడ్డాక పైది పడటానికి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని లెక్క. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని, పైన ఉన్న శిలాతోరణాన్ని జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది. దర్శనానికి వెళ్లినప్పుడు శిలాతోరణం దగ్గర సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా, గాలి, నీరు రాయిలో ఏ భాగాన్ని ముందు తిన్నాయో, ఏది నిలబడిందో పిల్లవాడితో గీయించండి. 80 కోట్లలో ఎన్ని సున్నాలో రాయించండి. అదొక్కటే ఒక ఉదయానికి సరిపోతుంది.

చిత్తూరు జిల్లా వాళ్లకి మామిడి ఉండనే ఉంది. 2025లో ధర పడిపోయినప్పుడు తోతాపురికి కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. ఐదు టన్నులు తోలిన రైతుకి రెండూ కలిపి ఎంత వస్తుంది? కోత కూలి, ట్రాక్టర్ బాడుగ పోగా ఎంత మిగులుతుంది? 4 రూపాయలు ఆర్నెల్లు ఆలస్యమైతే, ఆ డబ్బు వడ్డీకి తెచ్చుకున్న రైతుకి ఎంత నష్టం? ఏడో తరగతి లెక్కల పుస్తకంలో సగం ఇందులో ఉంది. ఇంట్లో తోట ఉంటే అంకెలన్నీ తాతనే అడగొచ్చు.

శ్రీహరికోటలో ప్రయోగం ఉందని ప్రకటన వస్తే గ్యాలరీకి ఆన్‌లైన్లో పేరు నమోదు చేయండి, ఉచితం. 2019 నుంచి జనాన్ని అనుమతిస్తున్నారు. నమోదు తెరిచిన కాసేపటికే సీట్లు అయిపోతాయి, ప్రయోగం వాయిదా కూడా పడొచ్చు. పిల్లవాడికి ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

డబ్బు కట్టే ముందు

డెమో అడగండి, అదీ ‘డెమో రోజు’ కాకుండా మామూలుగా నడుస్తున్న క్లాసులో. డెమోలో చెప్పిన టీచరే చివరిదాకా ఉంటారా అని అడిగి పేరు రాసుకోండి. రెండో వారంలో డిగ్రీ చదివే పిల్లల్ని నిలబెట్టే చోట్లున్నాయి. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపారా, అదనమా? మొత్తం ఒకేసారి కట్టమంటే సగం ఇప్పుడు, సగం రెండు వారాల తర్వాత అనండి. కుదరదన్నారంటే రెండు వారాల తర్వాత పిల్లలు మిగులుతారన్న నమ్మకం వాళ్లకే లేదన్నమాట. మానేస్తే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. ‘ఈరోజే చేరితే డిస్కౌంట్’ అంటే నవ్వి వచ్చేయండి, రేపు వెళ్లినా ఉంటుంది.